ఇనప ప్లేటు లేజర్ కటింగ్ చేయించుకోవడం ఎలా: డ్రాయింగ్ నుంచి వెల్డింగ్ బల్ల దాకా

కారు షెడ్డుకు ఆరు స్తంభాలు. ఒక్కో స్తంభం కింద 250 x 250 కొలతలో 12 మి.మీ. బేస్ ప్లేటు, దానికి నాలుగు బెజ్జాలు, స్తంభం చుట్టూ నాలుగు గసెట్లు (స్తంభానికీ ప్లేటుకూ మధ్య ఊతంగా పెట్టే త్రికోణపు ముక్కలు). ఇదివరకైతే ఈ పనికి చాక్‌పీసుతో గీతలు గీసి, పంచ్ కొట్టి, గ్యాస్ కటింగ్ పెట్టి, ఆ తర్వాత రెండు రోజులు గ్రైండర్ పట్టుకుని కూర్చునేవాణ్ణి. ఇప్పుడు ఫైల్ పంపితే సాయంత్రానికి ముక్కలు ఆటోలో వచ్చేస్తున్నాయి.

కానీ గ్యాస్ కటింగ్‌లో ఒక సుఖం ఉండేది. తప్పు కనిపిస్తే చేత్తో అక్కడికక్కడే సర్దుకునేవాళ్ళం. లేజర్‌కు అలాంటి మొహమాటాలు లేవు. గీత తప్పుగా ఉంటే ఆ తప్పునే పదో వంతు మిల్లీమీటరు తేడా లేకుండా ఆరు ముక్కల మీదా కోసి పెడుతుంది. అందుకే ఈ వ్యాసంలో మిషన్ గురించి తక్కువ, మిషన్ దాకా వెళ్ళేలోపు మీరు చేయాల్సిన పని గురించి ఎక్కువ రాస్తున్నాను. సొంత మిషన్ లేక జాబ్‌వర్క్‌కు ఇచ్చే చిన్న ఫ్యాబ్రికేషన్ షాపులు, ఇంటి గేటో షెడ్డో చేయించుకునేవాళ్ళు దీన్ని పక్కన పెట్టుకుని పని చేసుకోవచ్చు. ఉదాహరణకు ఆ కారు షెడ్డునే తీసుకుందాం.

1. ముందు, ఈ పనికి లేజర్ కావాలా?

బెజ్జాలు లేని, తిన్నటి అంచులున్న చదరపు ముక్కలే అయితే కత్తెరలా కోసే షీరింగ్ మిషన్ చాలు, డబ్బు మిగులుతుంది. మందం 25 మి.మీ. దాటితే మామూలు షాపుల్లో గ్యాస్ కటింగో ప్లాస్మానో చూసుకోవడం మంచిది. ఆ రెండింటి మధ్య, అంటే 1 మి.మీ. షీటు నుంచి 16, 20 మి.మీ. ప్లేటు దాకా, బెజ్జాలు, గాడులు, వంపులు ఉన్న ఆకారాలు లేజర్‌కు సరిగ్గా సరిపోయే పని.

మిషన్ ఎన్ని కిలోవాట్లో అడగండి. దాని వెంటే "పన్నెండు మి.మీ. రోజూ కోస్తారా?" అని కూడా అడగండి. అమ్మకందారు కాగితంలో రాసే గరిష్ఠ మందం వేరు, ఆపరేటర్ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నమ్మకంగా కోయగల మందం వేరు. 1 కిలోవాట్ మిషన్ 8, 10 మి.మీ. దగ్గరే ఆయాసపడుతుంది. 12 మి.మీ. బేస్ ప్లేట్లకు 3 కిలోవాట్లో అంతకన్నా ఎక్కువో ఉన్న చోటికి వెళ్ళండి. బల్ల సైజు కూడా కనుక్కోండి. ఎక్కువ చోట్ల ఉండేది 3000 x 1500 బల్ల.

2. ప్లేటు ఎంచుకోవడం

మామూలు ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్) పనికి ఐ.ఎస్. 2062, గ్రేడ్ ఈ250 అడగండి. 250 అన్నది దాని ఈల్డ్ బలం, అంటే ఉక్కు శాశ్వతంగా సాగడం మొదలయ్యే ఒత్తిడి, మెగాపాస్కల్స్‌లో. షాపువాడు "మంచి మాలు సార్" అంటే సరిపోదు, మిల్లు టెస్ట్ సర్టిఫికెట్ చూపించమనండి. మన దగ్గర కొంతమంది "వైజాగ్ స్టీల్ ప్లేటే కావాలి" అని పట్టుబడతారు. విశాఖ ఉక్కు కర్మాగారం చేసేది ప్రధానంగా కడ్డీలు, వైర్ రాడ్, యాంగిల్స్, ఛానెళ్ళ వంటి పొడవు సరుకు. ప్లేటు మిల్లులు భిలాయ్, రూర్కెలా వంటి చోట్ల ఉన్నాయి. ప్లేటు చూపించి వైజాగ్‌ది అంటే కాస్త అనుమానించండి.

లేజర్‌కు ముఖ్యమైంది ప్లేటు పైభాగం. పలచటి నల్ల పొర గట్టిగా, సమంగా అంటుకుని ఉంటే ఇబ్బంది లేదు. పొర పెచ్చులు పెచ్చులుగా లేస్తున్నా, బయట వానకు తడిసి తుప్పు గుంటలు పడినా కటింగ్ మధ్యలో తెగిపోతుంది, అంచు గరుకుగా వస్తుంది, పియర్సింగ్ దగ్గర (కోతకు ముందు లేజర్ పొడిచే తూటు దగ్గర) కరిగిన ఇనుము పైకి చిమ్ముతుంది. పెయింటు రాసిన పాత ప్లేటు ఇస్తే ఆపరేటర్ వెనక్కి పంపినా తప్పుపట్టలేం. మధ్యస్థ మందాల్లో పికిల్ చేసి (ఆమ్లంతో ఆ పొర తీసేసి) నూనె పట్టించిన షీటు దొరుకుతుంది. ఖరీదు కొంచెం ఎక్కువే అయినా గేటు డిజైన్లు, కనిపించే పనులకు నేను అదే తీసుకుంటాను.

మందం విషయంలో నోటి మాట నమ్మవద్దు. పాత మేస్త్రీలు "నాలుగు సూతులు" అంటారు, అది అరంగుళం, అంటే 12.7 మి.మీ. షాపులో దాని పేరు 12 మి.మీ. గేజిలో చెబితే 16 గేజి సుమారు 1.6 మి.మీ., 18 గేజి సుమారు 1.2. డ్రాయింగ్ మొదలుపెట్టేముందు ప్లేటు నాలుగు మూలలా వెర్నియర్ పెట్టి కొలవండి. ఎందుకో గాడుల దగ్గరికి వచ్చాక చెబుతాను, నాకు ఒక రాత్రి నిద్ర కరువైంది అక్కడే.

బరువు లెక్క నోటికి వచ్చి ఉండాలి. చదరపు మీటరు ప్లేటు ఒక మి.మీ. మందానికి 7.85 కిలోలు. 12 మి.మీ. అయితే 94.2. మన బేస్ ప్లేటు 0.25 x 0.25 మీటర్లు కాబట్టి ఒక్కోటి సుమారు 5.9 కిలోలు, ఆరూ కలిపి 35.3. కాటా దగ్గర నిలబడినప్పుడు ఈ అంకె చేతిలో ఉంటే బేరం చేసే ధైర్యం ఉంటుంది.

3. డ్రాయింగ్ గీయడం

అసలు పని ఇదే. ఏ సాఫ్ట్‌వేర్ అయినా సరే, యూనిట్లు మి.మీ.లో, స్కేలు 1:1లో ఉండాలి.

బెజ్జాలతో మొదలుపెడదాం. ప్లేటు మందం కన్నా చిన్న బెజ్జం అడగవద్దు. 12 మి.మీ. ప్లేటులో 12 మి.మీ. బెజ్జం వస్తుంది, 6 మి.మీ. బెజ్జం గుండ్రంగా రాదు. కారణం పియర్సింగ్. కోత మొదలయ్యే ముందు లేజర్ ఒకచోట నిలబడి ప్లేటును తూట్లు పొడుస్తుంది. మందపాటి ప్లేటులో ఆ తూటు చుట్టూ కరిగి గుంట పడుతుంది. అది బెజ్జం లోపలి తుక్కులో పడాలి, అంచు దాకా రాకూడదు. బెజ్జం మరీ చిన్నదైతే ఆ గుంటకే చోటుండదు. పలచటి షీటులో ఇంకాస్త చిన్నవి కుదురుతాయి, మీ ఆపరేటర్‌ను అడగండి.

బోల్టు బెజ్జానికి ఖాళీ వదలాలి. ఉక్కు నిర్మాణాల ప్రమాణం ఐ.ఎస్. 800 ప్రకారం ఎం16 (16 మి.మీ. వ్యాసం) బోల్టుకు 18 మి.మీ., ఎం20కి 22. ఇది ప్లేటుకు ప్లేటు బిగించే చోట. కాంక్రీటులో పాతిన ఫౌండేషన్ బోల్టులకు మరో రెండు మూడు మి.మీ. కలపండి. నాలుగు బోల్టులు పాతితే ఒకటి ఎప్పుడూ పక్కకు వాలే ఉంటుంది, అది మన దేశపు కాంక్రీటు గుణం. మన షెడ్డుకు ఎం16 బోల్టులు, నేను 20 మి.మీ. బెజ్జం పెట్టాను, మీద మందపాటి వాషరు. స్తంభం సైజు, ప్లేటు మందం, బోల్టు సైజు మాత్రం ఇంజినీరు చెప్పినవి. వాటిని సొంతంగా ఊహించి గీయవద్దు.

లోపల మరలు (థ్రెడ్లు) తీయాల్సిన బెజ్జాలను లేజర్‌తో పూర్తి సైజుకు కోయించవద్దు. లేజర్ వేడికి అంచు గట్టిపడి, మరలు తీసే ట్యాప్ విరుగుతుంది, పైగా మందపాటి ప్లేటులో బెజ్జం పైనొక సైజు కిందొక సైజు ఉంటుంది. అలాంటి చోట మధ్యలో చిన్న గుర్తు మాత్రం వేయించుకోండి. తర్వాత డ్రిల్ పెట్టండి: ఎం10 ట్యాపుకు 8.5 మి.మీ., ఎం12కు 10.2. ఈ గుర్తు వేయడాన్ని షాపుల్లో మార్కింగ్ అంటారు. లేజర్ తక్కువ పవర్‌తో పైపైన గీత గీస్తుంది. స్తంభం ఎక్కడ కూర్చోవాలో దాని రూపురేఖ కూడా బేస్ ప్లేటు మీద ఇలాగే గీయించాను. వెల్డింగ్ రోజున టేపు బయటికి తీయాల్సిన పని లేకపోయింది.

ఇక గాడులు. గసెట్‌కు చిన్న నాలుక, బేస్ ప్లేటులో దానికి గాడి పెడితే ముక్క తనంతట తనే సరైన చోట నిలబడుతుంది, పట్టి ఉంచే ఫిక్స్చర్ అక్కర్లేదు. మొదటిసారి ఈ తెలివి ప్రదర్శించినప్పుడు 8 మి.మీ. గసెట్‌కు గాడి వెడల్పు సరిగ్గా 8.0 అని గీశాను. వచ్చిన ప్లేటు 8.2 ఉంది. ఇరవై నాలుగు గసెట్లు, ఒక్కటీ దిగలేదు. ఇరవై నాలుగు నాలుకలూ రాత్రంతా గ్రైండర్‌తో అరగదీశాను. అప్పటి నుంచి నా లెక్క ఇది: ముందు కొలిచిన అసలు మందం, దానికి 0.4 మి.మీ. కలిపితే గాడి వెడల్పు. నాలుక పొడవు వైపు కూడా అంతే ఖాళీ. గాడి మూలల్లో చిన్న గుండ్రటి రిలీఫ్ (అదనపు కోత) పెట్టండి, లేకపోతే నాలుక మూల అక్కడ తట్టుకుంటుంది.

గసెట్ లోపలి మూల, అంటే స్తంభమూ బేస్ ప్లేటూ కలిసే చోట, 15 మి.మీ. మేర కోసేసి గీయండి. స్తంభం చుట్టూ వేసిన వెల్డు దాని కింద నుంచి అడ్డం లేకుండా వెళ్ళిపోతుంది. బయటి పదును మూలలకు 1 మి.మీ. గుండ్రం ఇవ్వండి. మందపాటి ప్లేటులో పదును మూల దగ్గర లేజర్ నెమ్మదిస్తుంది, అక్కడ వేడి పోగై మూల మాడుతుంది. మూల గుండ్రంగా ఉంటే ప్లేటు మోసే కూలీల చేతులకూ మంచిదే.

కోత వెడల్పు ఎంత కలపాలి అని చాలామంది అడుగుతారు. ఏమీ కలపకండి. లేజర్ కోత పలచటి షీటులో 0.2 మి.మీ. దగ్గర, మందపాటి ప్లేటులో అర మి.మీ. దాకా ఉంటుంది. దాన్ని మిషన్ సాఫ్ట్‌వేరే సర్దుతుంది. మీరూ కలిపి అదీ కలిపితే ముక్క పెద్దదై కూర్చుంటుంది.

ముక్కను తర్వాత వంచాలా? అయితే పరిచిన కొలత, అంటే వంచకముందు పట్టీ పొడవు, మీరే తేల్చుకోవాలి. 3 మి.మీ. షీటును బయటి కొలత 50, 50 వచ్చేలా ఎల్ ఆకారంలో వంచాలంటే 100 మి.మీ. పట్టీ కోస్తే తప్పు. లోపలి వంపు రేడియస్ 3 అనుకుంటే సుమారు 94.6 కోయాలి, మిగతాది వంపు దగ్గర సాగి వస్తుంది. ఈ తగ్గింపు బెండింగ్ షాపులో వంచే అచ్చును (డైని) బట్టి మారుతుంది. పుస్తకం లెక్కకన్నా నమ్మకమైన దారి ఒకటుంది. అదే షీటులో 100 మి.మీ. పట్టీ ఒకటి కోయించి, వాళ్ళ మిషన్ మీదే 90 డిగ్రీలు వంచి, రెండు చేతుల బయటి కొలతలూ కూడండి. వంద మీద ఎంత ఎక్కువ వస్తే అదే మీ తగ్గింపు. బెజ్జాలు వంపు గీతకు మరీ దగ్గరగా ఉంటే కోడిగుడ్డులా సాగుతాయి. మందానికి రెండింతలు, దాని మీద వంపు రేడియస్ కలిపినంత దూరమైనా ఉంచండి.

4. ఫైల్ శుభ్రం చేయడం

పంపాల్సింది డీఎక్స్‌ఎఫ్ ఫైల్, అంటే డ్రాయింగ్ గీతలను మిషన్ సాఫ్ట్‌వేర్ నేరుగా చదవగల ఫైల్. వాట్సాప్‌లో డ్రాయింగ్ ఫొటో తీసి పంపి "ఇలా కోయండి అన్నా" అంటే వాళ్ళు కూర్చుని మళ్ళీ గీస్తారు, ఆ గీతలో తప్పు వస్తే ఎవరిదో తేలదు.

ఆటోక్యాడ్‌లో అయితే ముందు ఓవర్‌కిల్ కమాండ్ కొట్టండి, అది ఒకదాని మీద ఒకటి పడిన గీతలను తీసేస్తుంది. ఒక గీత మీద ఇంకో గీత పడి ఉంటే కంటికి కనిపించదు, మిషన్ మాత్రం అక్కడ రెండుసార్లు తిరుగుతుంది. ఒకసారి నా ఫైల్లో ఒక వలయం ఇలాగే రెండు పొరలుగా వెళ్ళింది. కోసిన గాడి మీదే రెండోసారి కోయబోయి ముక్క బయటి అంచు పళ్ళు పళ్ళుగా మాడిపోయింది. ఆపరేటర్ నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

తర్వాత గీతలన్నీ కలిపి మూసుకున్న ఆకారాలుగా చేయండి. చివరలు కలవని చోటు ఒక్కటున్నా సాఫ్ట్‌వేర్‌కు లోపలేదో బయటేదో తెలియదు. కొలతలు, బాణాలు, మధ్య గీతలు, టైటిల్ బ్లాక్ అన్నీ తీసేయండి. అవి మిగిలితే కొలత బాణం కూడా కోత గీతే అయిపోతుంది. మార్కింగ్ గీతలు వేరే లేయర్‌లో, వేరే రంగులో పెట్టి, ఏ రంగు ఏమిటో చెప్పండి. చివరగా ఒక కొలత కొట్టి చూడండి: 250 ఉండాల్సింది 250 ఉందా? అంగుళాల్లో సేవ్ అయిన ఫైల్ మి.మీ.లో తెరుచుకుంటే ముక్క 25.4 రెట్లు చిన్నదైపోతుంది.

ఫైల్ పేరులోనే వివరం పెట్టండి. "బేస్ ప్లేట్, 12 మి.మీ., ఈ250, 6 ముక్కలు" అని ఉంటే మీరు ఫోన్ ఎత్తకపోయినా పని ఆగదు. "ఫైనల్", "కొత్త ఫైనల్", "అసలు ఫైనల్" అని పంపితే ఏది కోస్తారో ఆ దేవుడికే తెలియాలి. దానితో పాటు కొలతలున్న పీడీఎఫ్ ఒకటి విడిగా పంపండి.

5. తెలుగు అక్షరాలు కోయించాలంటే

షెడ్డు ఓనరు గేటు మీద ఇంటి పేరు కూడా అడుగుతాడు. ఎప్పుడూ అడుగుతాడు. ఇంగ్లీషు అక్షరాల కన్నా తెలుగు అక్షరాలతో తంటా ఎక్కువ కాబట్టి దీన్ని వేరుగా చెబుతున్నాను.

మొదటి సంగతి ఫాంటు. మీ కంప్యూటర్లోని తెలుగు ఫాంటు వాళ్ళ కంప్యూటర్లో ఉండదు. అను ఫాంట్లలో టైపు చేసిందైతే అక్కడ తెరవగానే అర్థం లేని గుర్తులు వస్తాయి. కాబట్టి అక్షరాలను గీతలుగా మార్చాకే పంపండి. మార్చాక ఒక్కొక్క అక్షరం పెద్దది చేసి చూడండి. చాలా ఫాంట్లలో వంపులు వందల చిన్న గీతల ముక్కలుగా విడిపోతాయి. అలా వదిలేస్తే మిషన్ వణుకుతూ కోస్తుంది, అంచు నునుపుగా రాదు. వాటిని ఆర్క్‌లుగా (నునుపైన వంపు గీతలుగా) సర్దమనండి.

రెండోది, మీకు కావాల్సింది అక్షరం ఆకారంలో రంధ్రమా, అక్షరమే ముక్కగానా? రంధ్రమైతే "నిలయం"లో సున్నా చూడండి. సున్నా గీతంతా కోసేస్తే లోపలి గుండ్రటి ముక్క రాలి కింద పడుతుంది, గేటు మీద పెద్ద బొక్క మిగులుతుంది. ఆ లోపలి ముక్కను ప్లేటుకు పట్టి ఉంచడానికి కనీసం ప్లేటు మందమంత వెడల్పున రెండు చిన్న వంతెనలు ఉంచాలి. లోపల చుట్టు తిరిగి మూసుకుపోయే ప్రతి అక్షరానికీ ఇదే పద్ధతి.

అక్షరమే ముక్కగా కావాలంటే తంటా తిరగబడుతుంది. ప, స వంటి అక్షరాల తలకట్టు చాలా ఫాంట్లలో ఒంటికి అంటదు. "లక్ష్మీ"లో కిందున్న ఒత్తులు విడివిడి ముక్కలు. కోసి తెచ్చాక ఏ తలకట్టు ఏ అక్షరానిదో నేల మీద పరుచుకుని వెతుక్కోవాల్సిందే. అందుకని అడుగున ఒక పలచటి పట్టీ గీసి అన్నీ దానికి అంటించండి, లేకపోతే వెనక ప్లేటు మీద అక్షరాల రూపురేఖలు మార్కింగ్ వేయించి వాటి మీద అతికించండి. నేను రెండోదే చేస్తాను, చూడ్డానికి బాగుంటుంది.

6. ధర మాట్లాడటం, గ్యాస్ తేల్చుకోవడం

ఒకరు కోత పొడవు మీటరుకు ఇంత అంటారు, ఒకరు మిషన్ నిమిషానికి ఇంత, ఇంకొకరు ప్లేటుతో కలిపి కిలోకు ఇంత. పియర్సింగ్‌కు వేరే కట్టేవాళ్ళూ ఉంటారు. పోల్చడానికి మీ లెక్క మీ దగ్గర ఉండాలి. మన బేస్ ప్లేటు చుట్టుకొలత 1000 మి.మీ., నాలుగు 20 మి.మీ. బెజ్జాలకు 251, మొత్తం సుమారు 1.25 మీటర్లు. ఆరింటికి 7.5 మీటర్ల కోత, 30 పియర్సింగులు. కిలో లెక్కన కట్టేవాళ్ళను త్రికోణం గసెట్‌కు త్రికోణం బరువు వేస్తారా, చుట్టూ ఉన్న చదరం బరువు వేస్తారా అని అడగండి. చదరం అంటే రెండు గసెట్లను ఎదురెదురుగా తిప్పి పేర్చమనండి. మిగిలిన ముక్కా తుక్కూ ఎవరివో కూడా ముందే తేలాలి.

ఇక గ్యాస్. లేజర్ ఒంటరిగా కోయదు, దానితో పాటు నాజిల్ నుంచి గ్యాస్ వస్తుంది. ఎం.ఎస్.కు మామూలుగా ఆక్సిజన్. ఇనుము ఆక్సిజన్‌లో తనే మండుతుంది, ఆ వేడి కూడా కోతకు తోడవుతుంది. ఈ కిటుకు పాతదే. బారామతిలో పుట్టిన సి. కుమార్ పటేల్ 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కార్బన్ డయాక్సైడ్ లేజర్ కనిపెట్టారు. 1967లో ఇంగ్లండులో పీటర్ హోల్డ్‌క్రాఫ్ట్ అలాంటి లేజర్‌కు ఆక్సిజన్ ధార జోడించి 1 మి.మీ. ఉక్కు షీటు కోసి చూపించాడు. ఇప్పుడు మన చుట్టుపక్కల షాపుల్లో ఉన్నవి ఎక్కువగా గాజు తీగలో కాంతి పుట్టించే ఫైబర్ లేజర్లు, గ్యాస్ కిటుకు మాత్రం అదే.

ఆక్సిజన్‌తో కోసిన అంచు మీద పలచటి ఆక్సైడ్ పొర మిగులుతుంది. దాని మీద పౌడర్ కోటింగ్ వేస్తే కొన్నాళ్ళకు పొర ఊడుతుంది, దానితో పాటు పెయింటూ ఊడుతుంది. స్టెయిన్‌లెస్‌కు, అంచు తెల్లగా కనిపించాల్సిన పనికి నైట్రోజన్. అది మండించదు, కరిగిన లోహాన్ని గట్టి ప్రెషర్‌తో ఊదేస్తుంది. అందుకే ఖర్చు. మామూలు సిలిండర్‌లో 7 ఘనపు మీటర్ల గ్యాస్ ఉంటుంది, ఈ పనికి అది చూస్తుండగానే అయిపోతుంది. పలచటి షీటుకు కంప్రెసర్ గాలితో కోసే షాపులూ ఉన్నాయి, ధర తక్కువ. బేస్ ప్లేట్లకు ఆక్సిజనే చాలు. గేటు డిజైనుకు ఏ గ్యాస్ అన్నది అడగకుండా ఆర్డర్ ఇవ్వవద్దు.

7. మిషన్ దగ్గర నిలబడటం

మొదటి ముక్క కోసేటప్పుడు వీలైతే అక్కడ ఉండండి. తలుపులు మూసిన మిషన్ అయితే అద్దంలోంచి చూడొచ్చు, అది ఆ లేజర్ కోసమే చేసిన అద్దం. తెరిచి ఉన్న మిషన్ దగ్గర ఊరికే నిలబడి చూడవద్దు. ఫైబర్ లేజర్ కంటికి కనిపించదు, కానీ కంటి లోపలి రెటీనా దాకా వెళ్ళిపోతుంది. వెల్డింగ్ అద్దం దానికి అడ్డం కాదు. ఆ తరంగదైర్ఘ్యానికి తగిన కళ్ళజోడు లేకపోతే దూరంగా ఉండటమే.

మంచి ఆపరేటర్ మందం మార్చినప్పుడల్లా ఒక పని చేస్తాడు. నాజిల్ కొనకు చిన్న సెల్లోటేపు ముక్క అంటిస్తాడు. తక్కువ పవర్‌లో ఒక్క పల్స్ కొడతాడు. టేపు తీసి వెలుగుకు ఎత్తి పట్టుకుంటాడు. నాజిల్ అచ్చు పడిన గుండ్రం మధ్యలో సూది మొనంత నల్ల చుక్క ఉంటుంది. చుక్క సరిగ్గా నడుమ ఉంటే సరే. కాస్త పక్కకు ఉంటే రెండు స్క్రూలు అటూ ఇటూ తిప్పి మళ్ళీ టేపు అంటిస్తాడు. చుక్క పక్కకు ఉన్న రోజున ముక్కకు ఒక వైపు అంచు నున్నగా, ఎదుటి వైపు కింద కరుడు కట్టి వస్తుంది. ఈ అర నిమిషం పని చేసే షాపును వదులుకోకండి.

కోత మొదలయ్యాక ప్లేటు కింది నిప్పురవ్వలే అంతా చెబుతాయి. నేరుగా కిందికి ధారగా పడుతుంటే వేగం సరిపోయింది. వెనక్కి ఈడ్చుకుపోతూ పడుతుంటే వేగం ఎక్కువ, ఇంకాస్త పెరిగితే ప్లేటు తెగదు. మందపాటి ప్లేటులో చిన్న ముక్కలను దగ్గర దగ్గరగా పేర్చి వరసగా కోస్తే వేడి పోగై చివరి ముక్కలు మాడతాయి. ముక్కల మధ్య కనీసం ప్లేటు మందమంత చోటు ఉంచి, ఒకటి ఇక్కడ ఒకటి దూరంగా కోయమనండి. బెజ్జాలు ముందు, బయటి గీత చివర. బయటిది ముందు కోస్తే ముక్క కదిలిపోయి బెజ్జాలు పక్కకు జరుగుతాయి. చిన్న ముక్కలు తెగి పైకి తిరగబడితే లేజర్ హెడ్ వాటిని గుద్దుకుంటుంది. అందుకని పలచటి షీటులో వాటిని అర మి.మీ. జాయింట్లతో షీటుకే వేలాడేలా ఉంచుతారు. తర్వాత చేత్తో విరిచేయొచ్చు.

మొదటి ముక్క చల్లారాక వెర్నియర్ పెట్టండి. బయటి కొలత, బెజ్జం పైన, బెజ్జం కింద, మధ్య దూరం. గాడి ఉంటే అసలు గసెట్ ముక్కనే దూర్చి చూడండి. సరిపోయాకే మిగతా అయిదింటికి సరే అనండి.

గాల్వనైజ్డ్ షీటు కోయిస్తుంటే పొగ పీల్చే ఫ్యాన్ పని చేస్తోందో లేదో చూసుకోండి. జింక్ పొగ ఆ రాత్రికి జ్వరం తెప్పిస్తుంది.

8. ఇంటికి తెచ్చాక

చేతికి గ్లౌజులు లేకుండా ముక్కలు ఎత్తవద్దు. కింది అంచున మిగిలిన కరుడు చిన్నదైతే ఉలితో గీకితే రాలిపోతుంది. రాలకుండా గట్టిగా అతుక్కుని ఉంటే ఫోకస్సో వేగమో తప్పు, షాపువాడికి ఫొటో పంపండి. వెల్డు వేసే అంచులనూ పెయింటు వేసే అంచులనూ ఫ్లాప్ డిస్క్‌తో ఇనుము తెల్లగా కనిపించేదాకా రుద్దండి. ఆక్సైడ్ మీదే వెల్డు వేస్తే చిన్న చిన్న గాలి బొక్కలు పడతాయి.

షెడ్డు పనిలో నాకు బాగా కలిసొచ్చింది ఒక చిన్న అదనపు ఖర్చు. బేస్ ప్లేటు ఫైల్లో బెజ్జాలు మాత్రం 17 మి.మీ.కు తగ్గించి, అదే ఆకారాన్ని 2 మి.మీ. షీటులో ఒకటి కోయించి మేస్త్రీకి ఇచ్చాను. కాంక్రీటు పోసేటప్పుడు నాలుగు బోల్టులూ ఆ షీటులో దూర్చి, కిందొక నట్టూ పైనొక నట్టూ బిగించి నిలబెట్టాడు. ఒక గుంత గట్టిపడ్డాక విప్పి ఇంకో గుంతకు వాడాడు. స్తంభాలు ఎత్తిన రోజున ఆరింటిలో అయిదు నేరుగా దిగాయి. ఆరోదానికి బోల్టు ఒకటి వాలింది, ఆ రోజు మేస్త్రీ షీటు పెట్టడం మర్చిపోయాడట. 20 మి.మీ. బెజ్జంలో అదీ ఎలాగో పట్టింది.

మిగిలిన ప్లేటు ముక్క షాపులో వదిలేయకుండా తెచ్చుకున్నాను. దాని మీద పెయింట్ మార్కర్‌తో "12, ఈ250, 640 x 410" అని రాసి గోడకు ఆనించాను. తర్వాతి పనికి ముందు అది చూశాకే కొత్త ప్లేటు కొనాలి.